ఎల్లర్‌మన్ బాంబు

సూర్యుని క్రియాశీల ప్రాంతాలలో, అంటే అయస్కాంత క్షేత్రం బలంగా పోగుపడి సూర్యమచ్చలు ఏర్పడే చోట్ల, కొద్ది నిమిషాలు మెరిసి ఆరిపోయే చిన్న విస్ఫోటాలను మౌంట్ విల్సన్ వేధశాలకు చెందిన ఫెర్డినాండ్ ఎల్లర్‌మన్ హైడ్రోజన్ వర్ణరేఖలో గుర్తించి, 1917 నాటి వ్యాసంలో ‘సౌర హైడ్రోజన్ బాంబులు’ అన్నాడు. ఆ పేరు గల ఆయుధం అప్పటికి ఇంకా పుట్టనేలేదు. రేఖ నడిమిభాగం మామూలుగా ఉండి ఇరుపక్కల అంచులే ప్రకాశించడం చేత సోవియట్ శాస్త్రజ్ఞుడు సెవెర్నీ వీటిని ‘మీసాలు’ అని పిలిచాడు గాని, ఎంతో చక్కని ఆ పేరు నిలవలేదు; ‘ఎల్లర్‌మన్ బాంబులు’ అన్న పేరే నిలిచింది. 2013లో ప్రయోగించిన ఐరిస్ ఉపగ్రహం చూపిన, దాదాపు 80,000 డిగ్రీల వేడిని సూచించే మెరుపులకు ‘అతినీలలోహిత విస్ఫోటాలు’ అనే వేరే పేరు స్థిరపడింది. ఎదురెదురు దిశల అయస్కాంత బలరేఖలు తెగి మళ్ళీ కలుసుకోవడమే ఎల్లర్‌మన్ బాంబులకూ, ఈ విస్ఫోటాలకూ మూలమని భావిస్తున్నా, ఇవి కొన్నిసార్లు మాత్రమే ఒకేచోట కనిపిస్తాయి గనుక రెండు పేర్లనూ విడివిడిగా వాడటమే సబబు.