యాంటెనా డీవీఆర్

యాంటెనాతో ఉచితంగా అందే టీవీ ప్రసారాలను ఇంట్లో రికార్డు చేసుకునే పరికరం. అమెరికాలో వీటికి మంచి ఆదరణ ఉంది. తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1984లో సోనీ బీటామాక్స్ కేసులో తేల్చింది.

ఎంపికలో మొదట చూడాల్సింది ట్యూనర్ల సంఖ్య. ఒక్కో ట్యూనర్ ఒకసారికి ఒక ఫ్రీక్వెన్సీనే అందుకుంటుంది కనుక ఒక ఛానల్ చూస్తూ వేరొకటి రికార్డు చేయాలంటే సాధారణంగా రెండు కావాలి. నిల్వ గురించి బెంగ అక్కర్లేదు. అమెరికా డిజిటల్ టీవీ ప్రసారాల ఏటీఎస్‌సీ 1.0 ప్రమాణంలో ఒక ఫ్రీక్వెన్సీలో సెకనుకు 19.39 మెగాబిట్లకు మించి రావు. అంటే గంట కార్యక్రమం 9 జీబీ దాటదు, 1 టీబీ డిస్కులో వంద గంటలకు పైగా పడుతుంది.

టీవో వంటి పెట్టెను నేరుగా టీవీకి కలుపుతారు. హెచ్‌డీహోమ్‌రన్ అనే పరికరం మాత్రం ప్రసారాలను ఇంటి నెట్‌వర్క్ ద్వారా టీవీలకూ ఫోన్లకూ అందిస్తుంది. అసలు ఖర్చు దాగి ఉండేది కార్యక్రమాల పట్టికలో. దానికి చందా అడిగే పరికరాలున్నాయి. ఉచిత ప్రసారానికి డబ్బు కట్టించడం విడ్డూరమే. కొత్త ఏటీఎస్‌సీ 3.0 ప్రసారాలు కొన్నింటికి కాపీ రక్షణ తాళం ఉంటుంది. పరికరం దాన్ని తీయగలదో లేదో కొనేముందే చూసుకోవాలి.