మృత్యుపంచాంగము

మనాంగహేలా, అలిఘెనీ నదుల సంగమమున వెలసి, రేయింబవళ్లు మండు ఉక్కు కొలుములచే లోకప్రసిద్ధమైన పిట్స్‌బర్గు నగరమునకు 1907వ సంవత్సరమున, న్యాయశాస్త్రము చదివిన ఇరువదియాఱేండ్ల యువతి క్రిస్టల్ ఈస్ట్‌మన్ వచ్చి, ఆకస్మిక మరణములను విచారించు కారొనర్ కార్యాలయపు పత్రములను ముందిడుకొని కూర్చుండెను. 1906 జూలై 1 మొదలు 1907 జూన్ 30 వఱకు అలిఘెనీ కౌంటీయందు పనిలో మడిసినవారు 526 మంది: ఉక్కు పనివారు 195, రైల్వేవారు 125, గనులవారు 71, తక్కినవారు ఇతర వృత్తులవారు.

ఒక్కొక్క మరణము ఆ యింటివారికి తెలిసినదే. అన్నింటిని ఒకచోట కూర్చి చూపుటయే ఆమె చేసిన పని. తిథివారములు చూచుకొనుటకు మనము గోడకు తగిలించు పంచాంగమువంటి పటమొకటి సిద్ధమయ్యెను. అందు తేదీ తేదీకిని ఆనాడు పోయిన ప్రాణమొక్కింటికి ఒక్కొక్క ఎఱ్ఱని శిలువగుర్తు. పండుగలును పర్వములును ఉండవలసిన గడులలో ఆ గుర్తులను చూచిన పౌరునికి, కార్మికుని అజాగ్రత్తయే కారణమను యజమానుల వాదము మునుపటివలె చెవికెక్కి యుండదని నా నమ్మకము.

ఆమె పరిశోధకబృందము అంతటితో ఆగక, మృతుల యిండ్లకు పోయి, ఆ కుటుంబముల గతియేమైనదని విచారించెను. వివాహితులైన మృతుల కుటుంబములలో సగమునకు పైగా యజమానులనుండి పొందినది నూఱు డాలర్లకు మించలేదు. కొందఱికి ఏమియు దక్కలేదు. ఇందులకు మూలము పాత న్యాయము. 1842లో మాసచూసెట్స్ న్యాయమూర్తి లెమ్యుయెల్ షా, తోటి కార్మికుని పొరపాటున కుడిచేయి కోల్పోయిన ఇంజను డ్రైవరు దావాను త్రోసిపుచ్చుచు, అపాయమునకు తగిన ప్రతిఫలము వేతనముననే ఇమిడియున్నదని తీర్పిచ్చెను. చేయిపోయినవానికి ఇంతకంటె కఠినమైన మాట వేఱొకటి యుండునా?

ఈస్ట్‌మన్ గ్రంథము 1910లో వెలువడెను. ఆ యేడే న్యూయార్కు చేసిన నష్టపరిహార చట్టమును 1911 మార్చి 24న అచ్చటి ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినను, అదే సంవత్సరమున విస్కాన్సిన్ చేసిన చట్టము నిలిచెను. గాయమునకు వెల యేర్పడి, అది యజమాని జమాఖర్చులకెక్కిన పిమ్మట, పండ్లచక్రములకు కవచము తొడుగుటయే చౌకయని తెలియవచ్చెను. 1913లో చికాగోయందు నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ వెలసెను.

అయితే కేవలసంఖ్యతో మిల్లులను పోల్చుట ఎట్లు? వేయిమందిలో పదుగురు గాయపడుటయు, నూఱుమందిలో పదుగురు గాయపడుటయు ఒకటి కావు గదా! కావున పనిచేసిన పదిలక్షల గంటలకు ఎన్ని ప్రమాదములని లెక్కించు పద్ధతి వచ్చెను. అందును ఒక లోపము: చిటికెనవ్రేలు నలిగినను, ప్రాణము పోయినను లెక్కలో ఒక్కటే. అమెరికా కార్మిక గణాంక శాఖకు చెందిన లూషియన్ చేనీ మొదలగువారు కోల్పోయిన దినములను బట్టి తీవ్రతను కొలువవలెనని వాదించిరి. అప్పుడు మరణమునకు ఎన్ని దినములు వేయవలెనను ప్రశ్న తప్పనిదయ్యెను. మనిషి ఇంకను ఇరువదేండ్లు, ఏటికి 300 దినములు పనిచేసియుండునని భావించి, 6000 అని నిర్ణయించిరి. హృదయము అంగీకరింపని సంఖ్య. అయినను సున్నకంటె మేలైన సంఖ్య. మన దేశపు ఐ.ఎస్. 3786 ప్రమాణమునందును ఒక కార్మికుని మరణమునకు ఎదుట వ్రాయునది ఆ 6000 దినములే.