శిశుశిక్ష: బాలికల బాల్యము

1849 మే 7న కలకత్తాలో బెథూన్ పాఠశాల 21 మంది బాలికలతో ఆరంభమైనది. చదివిన స్త్రీకి వైధవ్యము తప్పదని లోకము బెదరించిన దినములవి. మదనమోహన తర్కాలంకారుడు తన యిరువురు కుమార్తెలను అందు చేర్చి, ఆ బాలికల కొరకు ‘శిశుశిక్ష’ రచించెను. పేరులోనే వారిని శిశువులుగా గుర్తించెను. ఆ పాఠశాలకే కార్యదర్శిగా శ్రమించిన విద్యాసాగరుని ‘వర్ణపరిచయము’ 1855లో వెలువడినది. అందు బుద్ధిమంతుడైన గోపాలుడును, చదువొల్లని రాఖాలుడును బాలురే.

లోకము దృష్టిలో బాలిక కాబోవు భార్య మాత్రమే. 1890లో కలకత్తాలో బాలవధువు ఫూల్మణి భర్త సంసర్గమున కలిగిన గాయములచే మరణించినది. మరుసటి యేట చట్టము సమ్మతి వయస్సును 10 నుండి 12 ఏండ్లకు పెంచినది.

చట్టము దేహమునకు కొంత రక్ష. బాలికను అలంకారవస్తువుగా చూపు నేటి ప్రకటనల నడుమ, ఆమె మొదట శిశువని నేర్పవలసినది వాచకము; దానిని వ్రాయవలసినవారు రచయితలు.