పులి దాటే చోటు

2024 పత్తి ఏరే కాలంలో మహారాష్ట్రలోని కిన్వట్ అడవుల నుంచి ఒక మగపులి తోడు వెతుక్కుంటూ ఇటు వచ్చింది. నిర్మల్ జిల్లా చుట్టి, లారీల రద్దీ తగ్గని 44వ నంబరు జాతీయ రహదారి దాటి ఉట్నూర్ వైపు సాగింది. దానికి జానీ అని పేరు పెట్టారు.

ఇలాంటి నడకను కనిపెట్టడానికి ఒకప్పుడు ఉన్న ఆధారం మట్టిలో పడ్డ అడుగు. దానిమీద గాజుపలక పెట్టి, అంచు వెంట గీత గీసుకునేవారు. 1972లో దేశమంతా అలాగే లెక్కగట్టి 1,827 పులులని తేల్చారు. అయితే అడుగుజాడ పులి ఎటు పోయిందో చెబుతుంది, ఇప్పుడు ఎక్కడుందో చెప్పదు.

1970లో అమెరికాలో ఒక ఎల్క్ జింక మెడకు పది కిలోలకు పైగా బరువున్న పట్టీ కట్టి, నింబస్-3 ఉపగ్రహంతో జాడ తీశారు. అయినా 1990లో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె పులులకు వేసినవి రేడియో కాలర్లే. వాటి సంకేతం అందాలంటే యాంటెనా పట్టుకుని దగ్గరి దాకా వెళ్లాల్సిందే.

ఉపగ్రహ కాలర్ ఆ దూరాన్ని చెరిపేసింది. 2019లో మహారాష్ట్రలోని టిప్పేశ్వర్ అభయారణ్యపు పులి 'వాకర్' మెడలోని కాలర్ గంటగంటకూ దాని జాడ పంపింది. తొమ్మిది నెలల్లో ఆదిలాబాద్ మీదుగా, చేన్లూ రోడ్లూ దాటుకుంటూ అది సుమారు 3,000 కిలోమీటర్లు నడిచి మహారాష్ట్రలోనే ఉన్న జ్ఞానగంగ అభయారణ్యం చేరింది.

జాడ తెలిస్తే సరిపోదు, వాహనం దారి ఇవ్వాలి. రష్యాలోని శ్వేత సముద్రంలో సీల్స్ మంచుపలకల మీద పిల్లల్ని కంటాయి. ఈత రాని ఆ పిల్లలు ఓడల కింద పడకుండా, ఉపగ్రహ చిత్రాల్లో మంచు కదలికలు చూసి దారి మళ్లించే ప్రయత్నాలు జరిగాయి.

మన దగ్గర ఆ ఓడలు లారీలే. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ గుండా ఉట్నూర్–జన్నారం రోడ్డు పోతుంది. రాత్రిపూట భారీ వాహనాలను అటవీ చెక్‌పోస్టుల దగ్గర ఆపే ఆంక్షలు ఏళ్లపాటు నడిచాయి. వాటివల్ల ఊళ్లవాళ్లకు ఇబ్బందులూ వచ్చాయి.

జానీ దాటిన 44వ రహదారినే పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర స్తంభాల మీదికి ఎత్తారు. అక్కడ జంతువులకు తొమ్మిది దారులు వదిలారు. పైన లారీలు పోతుంటే కింద పులులు నడిచివెళ్లడం కెమెరాలకు చిక్కింది. ఆదిలాబాద్ రోడ్ల మీద అలాంటి దారి ఎక్కడ వదలాలో ఇప్పుడు ఊహించుకోనక్కర్లేదు. వాకర్ గంటగంటకూ పంపిన గుర్తులు, జానీ దాటిన చోటు మన ముందే ఉన్నాయి.