గోడలు జరిగే ఇల్లు

హాలెండు దేశములోని ఉట్రెక్ట్ నగరంలో, ఇటుక యిండ్ల వరుసకు చివర, తెల్లగా ఒక చిన్న మేడ యున్నది. 1924లో కట్టిన ఆ యింటిని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినది. కోటలకు, దేవాలయాలకు దక్కే గౌరవం ముగ్గురు బిడ్డల తల్లి కాపురమున్న యింటికి ఎట్లు దక్కినదో పాఠకులతో ముచ్చటింపగోరుచున్నాము.

ట్రూస్ ష్రోడర్ గారి భర్త న్యాయవాది. ఆయన 1923లో గతించారు. తాముంటున్న ఎత్తైన గదుల పెద్ద యిల్లు ఆమెకు ఏనాడూ నచ్చలేదు. పిల్లలను వేరే గదిలోకి పంపివేసి పెద్దలు మాటలాడుకొనే పద్ధతి అసలే గిట్టలేదు. పెద్దల చర్చలు వింటూ పిల్లలు పెరగవలెనన్నది ఆమె పట్టుదల. ఖెరిట్ రీట్‌వెల్డ్ అనే వడ్రంగి కుమారుని పిలిచి యిల్లు కట్టుమన్నారు. ఆయనయు వడ్రంగమే నేర్చినవాడు. కుర్చీలు చేసి పేరు గడించినవాడే గాని, అంతకుముందు పూర్తిగా ఒక యిల్లు కట్టి యెరుగడు.

మేడమీద పగలంతా ఒకే సావడి. రాత్రి కాగానే పట్టాలమీద పలకలు జరిపితే ఆడపిల్లలకొక గది, పిల్లవానికొక గది, తల్లికొక గది ఏర్పడును. ప్రతి గదిలోను మంచము పట్టవలె, నీటి కొళాయి ఉండవలె, వెలుపలికి తలుపుండవలె ననునవి ఆమె నియమాలు. మూల కిటికీ తెరిస్తే ఆ మూలయే మాయమగును. అక్కడ స్తంభం లేదు. ఇటువంటి అంతస్తు నగర నిబంధనలకు ఒదగదు గనుక, ప్లానులో దానిని అటకగా చూపి అనుమతి పొందినారు! కచ్చేరీలు ఏ దేశంలోనైనా కచ్చేరీలే.

ముంబయి చాళ్ళలో ఒకే గదికి చీర అడ్డుగట్టి కాపురాలు చేసిన మనవారికి ఇది వింతగా తోచకపోవచ్చును. అయితే మనవారిది గత్యంతరం లేని యిరుకు; ఆమెది కోరి తెచ్చుకొన్న ఒద్దిక. రెంటినీ ఒకటిగా చెప్పుట మాకు సమ్మతం కాదు. పలుచని పలకల మాటున గుట్టు దాగదన్న లోపము మాత్రం రెంటికీ ఉన్నదని మా అభిప్రాయం.

భార్య పోయిన పిదప రీట్‌వెల్డ్ ఆ యింటికే వచ్చి, 1964లో అక్కడనే కన్నుమూశారు. ష్రోడర్ గారు 1985లో మరణించువరకు అరువదేండ్లు అందే యున్నారు. ఇప్పుడది ప్రదర్శనశాల. చూడవచ్చినవారికి ఆ పలకలను మూసి, తెరచి చూపుచున్నారు.