అంపైర్ తీర్పు, కెమెరా సాక్ష్యం: హైదరాబాద్ మైదానాల నుంచి ఒక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• క్రికెట్‌లో అంపైర్ల పొరపాట్లు నిబంధనల మార్పుకు ఎలా దారితీశాయో వివరించగలుగుతారు.
• తటస్థ అంపైర్లు, థర్డ్ అంపైర్, తీర్పు సమీక్షా పద్ధతి ఏ క్రమంలో వచ్చాయో గుర్తించగలుగుతారు.
• సాక్ష్యానికీ, తీర్పుకూ మధ్య గల సంబంధాన్ని ఉప్పల్ మైదానపు ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

మేడిపల్లి నుంచి వరంగల్ రహదారి మీదుగా నగరం వైపు వస్తే ఉప్పల్ వస్తుంది. అక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ జరిగే రోజున డజన్ల కొద్దీ కెమెరాలు ప్రతి బంతినీ చిత్రిస్తాయి. అదే దారిలో, ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీ స్థలాల్లో ఆదివారం పూట పిల్లలు ఆడే ఆటలో ఒక్క కెమెరా కూడా ఉండదు. బ్యాటింగ్ జట్టులోని ఒకరు అంపైర్‌గా నిలబడతారు. ఆయన వేలెత్తితే ఔట్, లేకపోతే కాదు. కాసేపు గొడవ జరుగుతుంది, తరవాత ఆట సాగుతుంది.

ఈ రెండు మైదానాల మధ్య ఉన్నది డబ్బు తేడా ఒక్కటే కాదు. ఒక సంఘటన జరిగినప్పుడు దాన్ని ఎవరు చూశారు, ఎవరి మాట చెల్లుతుంది, ఆ మాట తప్పని తేలితే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు రెండు చోట్లా వేర్వేరు జవాబులు ఉన్నాయి. చరిత్ర విద్యార్థికి ఈ ప్రశ్నలు కొత్తవి కావు. గత అర్ధ శతాబ్దంలో క్రికెట్ ఈ ప్రశ్నలను ఎలా ఎదుర్కొందో, అందులో హైదరాబాద్‌కు ఉన్న పాత్ర ఏమిటో ఇప్పుడు పరిశీలిద్దాం.

2. ఫతే మైదాన్, 1969: కెమెరాకు అందని పొరపాటు

1969 అక్టోబరులో భారత్, న్యూజిలాండ్ జట్ల మధ్య మూడో టెస్టు హైదరాబాద్‌లోని లాల్ బహదూర్ స్టేడియంలో జరిగింది. పాతతరం వారు ఆ మైదానాన్ని ఫతే మైదాన్ అనే పిలిచేవారు. వర్షం వల్ల రెండో రోజు ఆట జరగలేదు. నిబంధనల ప్రకారం పిచ్‌పై గడ్డి కత్తిరించవలసిన సమయంలో అంపైర్లు ఆ పని చేయించలేదు. మరునాడు ఆ లోపాన్ని సరిదిద్దబోతే న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ అభ్యంతరం చెప్పాడు. గడువు దాటాక కత్తిరించడం నిబంధనలకు విరుద్ధమన్నది ఆయన వాదన. ఆ వాదనే నెగ్గింది.

పచ్చిక మిగిలిన పిచ్‌పై భారత్ 49 పరుగులకే 9 వికెట్లు కోల్పోయి, చివరికి 89 పరుగులకు ఆలౌట్ అయింది. అదే రోజు ప్రేక్షకుల్లో అల్లర్లు చెలరేగాయి. రెండో ఇన్నింగ్స్‌లో భారత్ 7 వికెట్లకు 76 పరుగులు చేసి ఓటమి అంచున ఉండగా వాన పడింది. మ్యాచ్ డ్రాగా ముగిసింది. మైదానాన్ని ఆరబెట్టడంలో కావాలనే జాప్యం జరిగిందని న్యూజిలాండ్ ఆటగాళ్లు భావించారు.

అంపైర్ పొరపాటు అనగానే మనకు తప్పుడు ఎల్‌బీడబ్ల్యూ గుర్తుకు వస్తుంది. 1969లో జరిగిన పొరపాటు అటువంటిది కాదు. అది కంటిచూపు లోపం వల్ల కాక విధి నిర్వహణలో లోపం వల్ల జరిగింది. ఎన్ని కెమెరాలు ఉన్నా దాన్ని సరిదిద్దడం సాధ్యమయ్యేది కాదు. పైగా ఆ పొరపాటు వల్ల నష్టపోయింది ఆతిథ్య జట్టే. స్థానిక అంపైర్లు సొంత జట్టుకే మేలు చేస్తారన్న సాధారణ అభిప్రాయానికి ఇది మినహాయింపు.

3. తటస్థ అంపైర్ల ఆలోచన

ఆ రోజుల్లో టెస్టు మ్యాచ్ ఏ దేశంలో జరిగితే ఆ దేశపు అంపైర్లే నిలబడేవారు. పర్యటించే ప్రతి జట్టూ పక్షపాతం ఉందని ఫిర్యాదు చేసేది. 1986లో పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ చొరవతో, లాహోర్‌లో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టుకు ఇద్దరు భారతీయ అంపైర్లను పిలిచారు. వారిలో ఒకరు హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, మరొకరు పిలూ రిపోర్టర్. రాజకీయంగా ఎడమొహం పెడమొహంగా ఉన్న పొరుగుదేశం నుంచి అంపైర్లను పిలవడం ఆనాడు చిన్న విషయం కాదు.

1994 నుంచి ప్రతి టెస్టులో ఒక అంపైర్, 2002 నుంచి ఇద్దరూ మూడో దేశం వారై ఉండాలన్న నియమం వచ్చింది. దీనితో పక్షపాతం ఆరోపణలు తగ్గాయి. పొరపాట్లు మాత్రం ఆగలేదు. నిజాయితీ ఒకటి, కచ్చితత్వం మరొకటి అన్న సంగతి అప్పుడు స్పష్టమైంది.

4. 1992: తెర మీద మొదటి తీర్పు

టెలివిజన్ రీప్లే ద్వారా ఔటైన మొదటి బ్యాట్స్‌మన్ సచిన్ టెండూల్కర్. 1992 నవంబరు 14న డర్బన్‌లో దక్షిణాఫ్రికాతో జరిగిన టెస్టులో, మైదానంలోని అంపైర్ రనౌట్ నిర్ణయాన్ని పెవిలియన్‌లో తెర ముందు కూర్చున్న కార్ల్ లీబెన్‌బర్గ్‌కు వదిలాడు. ఆయన రీప్లే చూసి ఔట్ అని ప్రకటించాడు.

ఆ పర్యటనలో భారత కెప్టెన్ హైదరాబాదీ అయిన మహమ్మద్ అజహరుద్దీన్. కొద్ది రోజులకే జొహానెస్‌బర్గ్ టెస్టులో ఆయనకు ఈ పద్ధతిలోని లోటు అనుభవంలోకి వచ్చింది. జాంటీ రోడ్స్ 28 పరుగుల వద్ద ఉండగా రనౌట్ అప్పీలు జరిగింది. అంపైర్ స్టీవ్ బక్నర్ నాటౌట్ అన్నాడు. రీప్లే చూడమని అజహర్ కోరినా బక్నర్ అంగీకరించలేదు. రోడ్స్ ఔటని రీప్లేలో కనిపించింది. అతను 91 పరుగులు చేశాడు.

ఇక్కడ యంత్రం పనిచేయకపోవడం సమస్య కాదు. దాన్ని అడిగే హక్కు అంపైర్‌కు మాత్రమే ఉండటం సమస్య. తాను సరిగ్గా చూశానని నమ్మే మనిషికి రెండో అభిప్రాయం అవసరమని తోచదు. ఆటగాడికి ఆ హక్కు దక్కడానికి మరో పదహారేళ్లు పట్టింది.

5. 2008: సిడ్నీ నుంచి కొలంబోకు

2008 జనవరిలో సిడ్నీ టెస్టు. అంపైర్లు స్టీవ్ బక్నర్, మార్క్ బెన్సన్. ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల వద్ద బంతి అంచుకు తగిలి కీపర్‌కు చిక్కినా నాటౌట్‌గా బతికిపోయి 162 పరుగులు చేశాడు. చివరి రోజున రాహుల్ ద్రవిడ్ బ్యాటుకు తగలని బంతికి ఔటయ్యాడు. సౌరవ్ గంగూలీ క్యాచ్ విషయంలో బెన్సన్ ఆస్ట్రేలియా కెప్టెన్ రికీ పాంటింగ్‌ను అడిగి వేలెత్తాడు. హైదరాబాద్ ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ మొదటి ఇన్నింగ్స్‌లో చేసిన 109 పరుగులు వృథా అయ్యాయి. భారత్ 122 పరుగుల తేడాతో ఓడింది. నిరసనల నడుమ తరువాతి పెర్త్ టెస్టు నుంచి బక్నర్‌ను తప్పించారు.

ఆ ఏడాది జులైలో కొలంబోలో మొదలైన భారత్–శ్రీలంక సిరీస్‌లో ఆటగాళ్లే సమీక్ష కోరే పద్ధతిని ప్రయోగించారు. ఆ సిరీస్‌లో భారత్ కోరిన సమీక్షల్లో ఒక్కటి మాత్రమే ఫలించింది. ఆ చేదు అనుభవం వల్ల, బంతి గమనాన్ని ఊహించే సాంకేతికత మీద అపనమ్మకం వల్ల భారత క్రికెట్ బోర్డు ఏళ్ల తరబడి ఈ పద్ధతిని నిరాకరించింది. తప్పుడు తీర్పుల వల్ల ఎక్కువగా గాయపడిన జట్టే మందు వద్దనడం ఈ చరిత్రలోని విచిత్రం.

సరిగ్గా ఇదే కాలంలో అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇటువంటి చర్చ సాగింది. 1985 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో డాన్ డెంకింజర్ ఇచ్చిన తప్పుడు తీర్పును అక్కడివారు నేటికీ మరవలేదు. 2008 ఆగస్టులో హోమ్ రన్ నిర్ణయాలకు మాత్రమే రీప్లేను అనుమతించారు. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగా అనే పిచర్ వరసగా 26 మందిని ఔట్ చేసి, లోపం లేని మ్యాచ్‌కు ఒక్క అడుగు దూరంలో నిలిచాడు. 27వ ఆటగాడు ఔటైనా అంపైర్ జిమ్ జాయిస్ కాదన్నాడు. మ్యాచ్ తరవాత వీడియో చూసి ఆయన కన్నీళ్లతో క్షమాపణ చెప్పాడు, గలరాగా మన్నించాడు. రికార్డు మాత్రం మారలేదు. 2014లో మేనేజర్లకు తీర్పును సవాలు చేసే హక్కు లభించింది.

6. ఉప్పల్: పొరపాటు చేతులు మారింది

ఉప్పల్ స్టేడియంలో తొలి అంతర్జాతీయ మ్యాచ్ 2005 నవంబరు 16న, తొలి టెస్టు 2010 నవంబరులో జరిగాయి. న్యూజిలాండ్‌తో జరిగిన ఆ టెస్టులో సమీక్షా పద్ధతి లేదు. 2016 నవంబరులో ఇంగ్లండ్ సిరీస్‌కు భారత్ ఒప్పుకున్నాక, 2017 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌తో జరిగిన టెస్టుకు అది ఉప్పల్‌కు చేరింది.

ఆ మ్యాచ్‌లో విరాట్ కోహ్లి 180 పరుగుల వద్ద ఉండగా అంపైర్ ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చాడు. కోహ్లి సమీక్ష కోరి బతికాడు. 204 వద్ద మళ్లీ ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చినప్పుడు సమీక్ష కోరకుండానే వెనుదిరిగాడు. కోరి ఉంటే మళ్లీ బతికేవాడని రీప్లేలో తేలింది. మొదటి పొరపాటు అంపైర్‌ది. రెండోదానిలో ఆటగాడికీ వాటా ఉంది.

2024 జనవరిలో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టు దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. జస్‌ప్రీత్ బుమ్రా బంతికి బెన్ డకెట్ ఎల్‌బీడబ్ల్యూ అయ్యే అవకాశాన్ని భారత్ సమీక్ష కోరక వదులుకుంది. అతను ఔటేనని తెర మీద కనిపించింది. ఆ వెంటనే బుమ్రా అతని స్టంపును పడగొట్టాడు కనుక నష్టం పెద్దది కాలేదు. అదే టెస్టులో రవీంద్ర జడేజా 87 వద్ద సమీక్ష కోరాడు. బంతి ముందు బ్యాటుకు తగిలిందా, ప్యాడుకు తగిలిందా అన్నది ఎన్నిసార్లు చూసినా తేలలేదు. అందువల్ల మైదానంలోని అంపైర్ మాటే నిలిచింది. భారత్ ఆ మ్యాచ్‌ను 28 పరుగుల తేడాతో కోల్పోయింది.

7. చర్చ

రీప్లేను సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది. ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి తెలిసిన నిజం అంపైర్‌కు మాత్రమే తెలియకపోవడం న్యాయం కాదు. వ్యతిరేకించేవారు ఆట లయ చెడుతుందని, అంపైర్ గౌరవం తగ్గుతుందని, చివరకు యంత్రం కూడా ఊహే చేస్తోందని అంటారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. ప్యాడు లేకపోతే బంతి ఎటు వెళ్లేదో చూపే గీత జరిగిన సంఘటన కాదు, అంచనా మాత్రమే. అందుకే అనుమానం మిగిలిన చోట అంపైర్ నిర్ణయాన్నే నిలిపే నియమం పెట్టారు.

రీప్లే చరిత్రకారుడి ఆధారం వంటిదని చెప్పవచ్చు. ఏ కోణం నుంచి తీశారన్నదాని మీద అది చూపేది ఆధారపడుతుంది. జడేజా విషయంలో జరిగినట్టు, ఆధారం ఎంత దగ్గరగా ఉన్నా కొన్ని ప్రశ్నలకు జవాబు దొరకదు. అయినా ఎవరో ఒకరు తీర్పు చెప్పక తప్పదు.

8. సారాంశం

పక్షపాతం అనుమానం తటస్థ అంపైర్లను, రనౌట్ తగాదాలు థర్డ్ అంపైర్‌ను, సిడ్నీ వంటి టెస్టులు సమీక్షా హక్కును తెచ్చాయి. ప్రతి సంస్కరణా కొన్ని పొరపాట్లను తొలగించి, మిగిలినవాటి బాధ్యతను మరొకరికి పంచింది. మన వీధి మైదానాల్లో మాత్రం ఆ బాధ్యత నేటికీ ఒక్క మనిషి భుజాల మీదే ఉంది. ఎవరి కన్నయినా పొరపడవచ్చని రీప్లేలు మనకు పదే పదే చూపించాయి. కెమెరా లేని చోట నిలబడి వేలెత్తే ఆ మనిషి పట్ల ఓపిక పట్టడం ఈ చరిత్ర నేర్పే పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1969 హైదరాబాద్ టెస్టులోని పొరపాటు రీప్లేతో సరిదిద్దగలిగినది ఎందుకు కాదు?
2. 1992 జొహానెస్‌బర్గ్ ఘటన థర్డ్ అంపైర్ పద్ధతిలోని ఏ లోటును బయటపెట్టింది?
3. సమీక్షా పద్ధతి వల్ల పొరపాటు బాధ్యత చేతులు మారిందన్న అభిప్రాయాన్ని ఉప్పల్ ఉదాహరణలతో చర్చించండి.
4. మీ ప్రాంతంలో జరిగే ఒక మ్యాచ్‌ను గమనించి, వివాదాస్పద తీర్పును ఆటగాళ్లు ఎలా పరిష్కరించుకున్నారో ఒక పుటలో రాయండి.