జిల్ద్ ఊడితే కట్టించొచ్చు, షీరాజా తెగితే?

ఇంగ్లీషులో 'బిబ్లియోపెజీ' అని ఒక లఫ్జ్ ఉంది. పుస్తకాలు బైండింగ్ చేసే హునర్‌కి పెట్టిన పేరు. ఇంగ్లీషు బాగా చదివినవాళ్లకి కూడా అరుదుగా తగిలే మాట. గ్రీకులో 'బిబ్లియన్' అంటే కితాబు. రెండో ముక్కకి అర్థం బిగించడం, గట్టిగా కూర్చడం. జాన్ హానెట్ అనే ఆయన 1835లో మారుపేరుతో ఈ పని గురించి ఒక పుస్తకం రాసి, దానికి 'బిబ్లియోపీజియా' అనే పేరు పెట్టాడు.

మన ఇళ్లలో ఇదే పనిని జిల్ద్‌సాజీ అంటాం. అరబీలో జిల్ద్ అంటే చర్మం. 'అమ్రాజె జిల్ద్' అని బోర్డు ఉంటే అది చర్మవ్యాధుల దవాఖానా. 'పహ్లీ జిల్ద్' అంటే మొదటి సంపుటం. రెండుచోట్లా ఉన్నది ఒకటే లఫ్జ్. కితాబుకి తోలు తొడిగేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చింది.

అయితే ఆ గ్రీకు మాటకి సరైన జోడీ జిల్ద్ కాదు, షీరాజా. మడతపెట్టిన కాగితాల కట్టల్ని, అంటే జుజ్‌లని, ఒకదానితో ఒకటి కలిపి పట్టుకునే కుట్టు షీరాజా. ఉర్దూలో ఒక ఖాందాన్ చెల్లాచెదురైతే 'షీరాజా బిఖర్ గయా' అనేది ఇందుకే. జిల్ద్ ఊడినా కితాబు కితాబే. షీరాజా తెగితే మిగిలేవి కాగితాలే.

ఈ పని చేసే కారీగర్లను మన తారీఖ్ ఒకప్పుడు పేరుపెట్టి గుర్తుంచుకుంది. బగ్దాద్‌లో ఇబ్న్ అన్-నదీమ్ ఉండేవాడు. వృత్తిరీత్యా వర్రాఖ్, అంటే కితాబులు నకలు తీసి అమ్మేవాడు. పదో శతాబ్దం చివర్లో ఆయన రాసిన 'అల్-ఫిహ్రిస్త్' అరబీ కితాబుల పెద్ద జాబితా. అందులో ఆలిములు, షాయర్లతోపాటు జిల్ద్‌సాజ్‌ల పేర్లూ రాశాడు. వాళ్లలో ఇబ్న్ అబిల్ హరీష్ ఒకడు. ఖలీఫా మామూన్ కుతుబ్‌ఖానాలో జిల్ద్‌లు కట్టిన మనిషి.

అదే శతాబ్దంలో బైతుల్ ముఖద్దస్‌లో పుట్టిన అల్-ముఖద్దసీ దేశాలు తిరిగి భూగోళం రాశాడు. ఆయనకి జిల్ద్‌సాజీ కూడా వచ్చు. యమన్‌వాళ్లకి మంచి జిల్ద్‌లంటే ఇష్టమని, అక్కడ ఒక్క ముస్‌హఫ్‌కి రెండు దీనార్ల ఉజ్రత్ కూడా దొరికేదని రాసుకున్నాడు. వాళ్లు గంజి జిగురు వాడతారనీ, తాను వాడే అష్రాస్ అనే మొక్క వేరు జిగురు అదన్ అత్తార్లకి తెలియదనీ కూడా రాశాడు. అంత పెద్ద ఆలిం జిగురు గురించి రాయడానికి చిన్నతనం అనుకోలేదు.

ఆ రోజుల నుంచి వచ్చిన జిల్ద్‌కి ఒక ప్రత్యేకత ఉంది. వెనక అట్టకి 'లిసాన్', అంటే నాలుక, అనే మడత ఉంటుంది. అది కాగితాల అంచుని కప్పుతూ వచ్చి ముందు అట్ట కింద దూరుతుంది. దుమ్ము లోపలికి పోదు, అంచులు నలగవు. తోలు మీద వేడి ముద్రలతో బంగారు నఖ్షాలు అద్దే పద్ధతిని పదిహేనో శతాబ్దంలో ఇటలీవాళ్లు ముస్లిం కారీగర్ల పని చూసే నేర్చుకున్నారు.

ఇప్పుడు చాలా పుస్తకాలకి కుట్టే లేదు. కాగితాల వీపు కోసి వేడి జిగురు పూస్తారు. దాని పేరు 'పర్ఫెక్ట్ బైండింగ్'! జిగురు ఎండి పగిలితే కాగితాలు ఒక్కొక్కటే చేతికొస్తాయి.

మన ఇళ్లలో జుజ్‌దాన్‌లో చుట్టిన పాత ముస్‌హఫ్‌లు ఉంటాయి. చాలా వాటి మొదటి ఖాళీ కాగితం మీద దాదానో నానానో చేత్తో రాసిన పిల్లల పేర్లు, పుట్టిన తారీఖులు ఉంటాయి. కట్టు వదులైనప్పుడు ముందుగా ఊడేది ఆ కాగితమే. దానికి సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకి ఆ జిగురు పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. నూలుగుడ్డలో చుట్టి, చేత్తో కుట్టే జిల్ద్‌సాజ్ దగ్గరికి తీసుకెళ్లండి. జిగురుతో సరిపెట్టొద్దని, జుజ్‌బందీ చేసి కుట్టమని అడగండి. అడిగినంత ఉజ్రత్ ఇవ్వండి. అతని పేరు కూడా అడిగి, ఆ ఖాళీ కాగితం మీద పిల్లల పేర్ల కింద రాయండి.